మనవరాలికి అమెరికా 'ఏపీ ఇంగ్లీష్' పరీక్ష: ట్యూటర్‌ని పెట్టించాలా, నేనే చెప్పుకోవాలా?

కావలి మాస్టారు:

అందరికీ నమస్కారం. మాది కావలి. జూనియర్ కాలేజీలో ఇంగ్లీష్ చెప్పి రిటైరయి ఎనిమిదేళ్లయింది. మా అమ్మాయి వాళ్లు డల్లాస్ దగ్గర ఉండారు. మనవరాలు లెవెన్త్ గ్రేడ్. దానికి వచ్చే మే నెలలో 'ఏపీ ఇంగ్లీష్ లాంగ్వేజ్ అండ్ కాంపొజిషన్' అని ఒక పరీక్ష ఉంది. ఏపీ అంటే మన ఏపీ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. కాలేజ్ బోర్డు పెడతది. మంచి స్కోరు వస్తే చాలా కాలేజీల్లో ఒక ఇంగ్లీష్ కోర్సు తప్పుతుందంట. ఈ ముక్క సరిగ్గా తెలుసుకోకుండా నేను నెల్లూరు ట్రంకు రోడ్డులో పుస్తకాల షాపుకు పోయి "ఏపీ ఇంగ్లీష్ ఉందా అబ్బయా" అన్నా. ఆ పిల్లోడు ఇంటర్ సెకండియర్ గైడు తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. మోడల్ పేపర్లు కూడా ఇమ్మంటారా సార్ అన్నాడు. వాడి తప్పేముంది.

ఇంక అసలు సంగతి. మా అల్లుడు మొదట ఆన్‌లైన్‌లో ఒక ట్యూటర్‌ని పెట్టాడు. గంటకు 90 డాలర్లు, వారానికి రెండు గంటలు. ఆయన చెప్పింది రంగులు పూయడం. పాసేజ్‌లో ఈథోస్ కనపడితే పసుపు, పేథోస్‌కు గులాబి, లోగోస్‌కు ఆకుపచ్చ. ఈథోస్ అంటే చెప్పేవాడి మీద నమ్మకం, పేథోస్ అంటే మనసు కదిలించడం, లోగోస్ అంటే తర్కం. నెల తిరిగేసరికి మా పిల్ల కాగితాలు సంక్రాంతి ముగ్గు మాదిరి ఉండాయి. స్కోరు మాత్రం కదల్లా. వాళ్ల టీచర్ ఆరుకు మూడు వేసింది, 1-2-0 అని విడగొట్టి. అప్పుడు మా అమ్మాయి "నాన్నా, ముప్పైనాలుగేళ్లు చెప్పావు గదా, నువ్వు చూడు" అంది.

ఆరు వారాలుగా చూస్తుండా. పొద్దున 7 గంటలకు నేను కాఫీ తాగి కూర్చుంటే దానికి ముందు రోజు రాత్రి 7:30. రాసింది ఫొటో తీసి పంపిస్తది, నేను ప్రింటు తీయించి ఎర్ర పెన్నుతో దిద్ది మళ్లీ ఫొటో పంపిస్తా. 'అండ్'తో వాక్యం మొదలెట్టొద్దు, ఇక్కడ కామా చాలదు, ఈ మాట మూడుసార్లొచ్చింది, ఇట్టా. స్పాట్ వాల్యుయేషన్లో కట్టలకు కట్టలు దిద్దిన చెయ్యి ఊరుకోదు గదా. అక్కడే పుట్టిన పిల్లకు ఈయన ఇంగ్లీష్ దిద్దేదేందని మా ఆవిడ నవ్వతానే ఉంటది. నిన్న మళ్లీ స్కోరు వచ్చింది. 1-2-0.

నాకు అర్థం కాలా. తప్పు లేని ఇంగ్లీష్, నీటుగా ఐదు పేరాలు. ఇంకేం కావాలి వాళ్లకు? ఈ పరీక్ష చెప్పే అలవాటున్న వాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. మళ్లీ ట్యూటర్‌కి డబ్బు పోయమనాలా, నేనే ఏమన్నా మార్చుకోవాలా?

గూడూరు నిమ్మకాయ:

నెలకు 720 డాలర్లా సార్! హైలైటర్లు కూడా మనమే కొనుక్కోవాల్నా?

తెల్లారుజాము టీచర్:

మాస్టారూ, నమస్తే. మాది ఒంగోలు. తెల్లవారి 4 గంటలకు లేచి అమెరికా పిల్లలకు ఇదే పరీక్షకు చెప్తుంటాను, ఆరేళ్లయింది. మీరేం అనుకోనంటే, ముందు ఆ ఎర్ర పెన్నుకు క్యాప్ పెట్టండి.

ఆ 1-2-0లోనే మీ ప్రశ్నకు జవాబుంది. ఈ పరీక్షలో మూడు వ్యాసాలు రాయాలి, మూడింటికీ కొలత ఒకటే. థీసిస్‌కు 1, ఎవిడెన్స్ అండ్ కామెంటరీకి 4, సొఫిస్టికేషన్‌కు 1. మొత్తం 6. థీసిస్ అంటే మన వాదన చెప్పే వాక్యం, ఎవిడెన్స్ అండ్ కామెంటరీ అంటే ఆధారాలూ వాటి వివరణా, సొఫిస్టికేషన్ అంటే ఆలోచనలో లోతు. గ్రామర్‌కు విడిగా మార్కే లేదు. అర్థానికి అడ్డం పడేంత తప్పులుంటే ఆ నాలుగులో నాలుగోది ఇవ్వరు, అంతవరకే. మీ పిల్ల ఆగిపోయింది రెండు దగ్గర. అంటే పాసేజ్‌లోంచి మాటలు ఎత్తి చూపిస్తోంది గానీ, అవి ఏం పని చేశాయో చెప్పడం లేదు. కామాలు ఎన్ని దిద్దినా ఆ రెండు మూడు కాదు. రంగులేసినా కాదు.

ఒక ఉదాహరణ చెప్తాను, మీకు బాగా పడుతుంది. మూడు వ్యాసాల్లో ఒకటి రెటారికల్ అనాలిసిస్, అంటే ఒక రచన మాటలతో తన పని ఎలా చేసిందో విడమర్చడం. 2019 పేపర్లో రెటారికల్ అనాలిసిస్‌కు వచ్చింది గాంధీ గారి ఉత్తరం. 1930 మార్చిలో, ఉప్పు సత్యాగ్రహానికి బయల్దేరే ముందు వైస్రాయ్ ఇర్విన్‌కు రాసింది. నా దగ్గరకొచ్చే పిల్లల్లో సగం మంది మొదటిసారి ఇలాగే రాస్తారు: "గాంధీ పేథోస్ వాడాడు, దానివల్ల చదివేవాళ్లకు జాలి కలుగుతుంది." చదివేవాళ్లు ఎవరండీ? ఒక్కడే, ఇర్విన్. వెనక సైన్యం, జైళ్లు ఉన్నవాడు. అతనికి జాలి కలిగించి ఒరిగేదేముంది? అసలు అడగాల్సింది వేరే. చట్టం ధిక్కరించబోయేవాడు ఆ చట్టం నడిపేవాణ్ణి "మిత్రమా" అని ఎందుకు పిలిచాడు? ఫలానా తేదీన బయల్దేరుతున్నానని ముందే ఎందుకు చెప్పాడు? ఇది బెదిరింపు కాదని పనిగట్టుకుని ఎందుకు రాశాడు?

మా పిల్లలకు నేను మనూరి సంగతే చెప్తాను. అర్ధరాత్రి చెరువు తూము ఎత్తేవాణ్ణి దొంగంటారు. "ఎల్లుండి పొద్దున పది గంటలకు నేనే ఎత్తుతా, కావాలంటే వచ్చి పట్టుకోండి" అని ఊరి పెద్దకు ముందే కబురు పెట్టినవాణ్ణి దొంగనలేరు. ఇప్పుడు ఇరుకున పడింది ఊరి పెద్ద. పట్టుకున్నా చెడ్డే, ఊరుకున్నా చెడ్డే. తేదీ చెప్పడం వల్ల ఆ ఉత్తరం చేసిన పని అది. ఈ నాలుగు వాక్యాలు ఇంగ్లీష్‌లో పడితే రెండు మూడవుతుంది. పేథోస్ అన్న మాటే అక్కర్లేదు.

కాబట్టి దిద్దొద్దు, అడగండి. ప్రతి పేరా చివర "అయితే ఏంటి?" అని ఒక్క మాట. విసుక్కుంటుంది, విసుక్కోనివ్వండి.

ఇంకో రెండు ముక్కలు. కాగితం మీద రాయించడం మానేయండి. 2025 మే నుంచి ఈ పరీక్ష మొత్తం కంప్యూటర్ మీదే, బ్లూబుక్ అనే యాప్‌లో. టైప్ చేస్తూ ఆలోచించడం అలవాటు కావాలి. రెండోది, వ్యాసాలకు 55 శాతమే. మిగతా 45 శాతం గంటలో 45 బిట్ల మీద ఉంది. అందులో దాదాపు సగం, ఎవరో విద్యార్థి రాసిన చిత్తుప్రతి ఇచ్చి ఈ వాక్యం ఎక్కడ పెట్టాలి, దీన్నీ దాన్నీ ఎలా కలపాలి, ఏది తీసేయాలి అని అడిగేవే. అక్కడ మీ ఎర్ర పెన్ను బంగారం. దాచి ఉంచండి.

ప్లేనోలో ఉంటాం:

అంకుల్, మాది కందుకూరు, పదిహేనేళ్లుగా ఇక్కడే, డల్లాస్ పక్కన ప్లేనోలో. మా బాబు పోయినేడు రాశాడు, మొత్తం పరీక్షకు ఐదుకు 4 వచ్చింది. మేడమ్ చెప్పింది కరెక్టే గానీ ఒక్క మాట. ఇంట్లోవాళ్లు చెప్తే మా వాడు వినలేదు. నేను "ఇది ఎందుకు రాశావు" అనడం, వాడు తలుపు వేసుకోవడం. బయటివాళ్లు కావాల్సొచ్చింది. కాకపోతే వారం వారం కాదు. మేము చివరి రెండు నెలల్లో మొత్తం ఐదు గంటలు తీసుకున్నాం. వాడు టైము పెట్టుకుని రాసిన వ్యాసం ముందే పంపేవాడు, ట్యూటర్ దాని మీదే మాట్లాడేది. సబ్జెక్టు మొదట్నుంచీ చెప్తాననే వాళ్లకు మాత్రం ఇవ్వకండి, అది స్కూల్లో ఎలాగూ జరుగుతోంది.

డబ్బులు కట్టే ముందు రెండు ఉచితం ఉన్నాయి. వాళ్ల టీచర్ ట్యుటోరియల్ టైములో కూర్చోబెట్టుకుని చూస్తుంది, పిల్లలే సిగ్గుపడి పోరు. ఇంకోటి, కాలేజ్ బోర్డు సైట్లో పాత ప్రశ్నలు, పిల్లలు నిజంగా రాసిన జవాబులు, దానికి ఇన్ని మార్కులు ఎందుకు వేశారో వివరణ, అన్నీ పెట్టారు. మా వాడికి బాగా పనికొచ్చింది అదే. మార్కులు కనపడకుండా మూసేసి, మూడు జవాబులకు తనే మార్కులు వేసి, తర్వాత తీసి చూసుకునేవాడు.

కావలి మాస్టారు:

ఆ మార్కులు వేసే సంగతి ముందే తెలిస్తే ఎంత బాగుండు తల్లీ. అది నాకు చేతనైన పని. అక్కడ కూడా జూన్‌లో టీచర్లు, లెక్చరర్లు కూర్చుని దిద్దుతారని చదివా. మన స్పాటే గదా అది, టిఫిన్ ఎట్టా ఉంటుందో గానీ.

నాలుగు వారాలు చేసి చూసి రాద్దామని ఆగినా. ఏం జరిగిందో చెప్తా.

గాంధీ ఉత్తరంతోనే మొదలెట్టినా. తూము కథ చెప్తే మా పిల్ల "తాతయ్యా, తూము అంటే ఏంటి" అంది. ఫోను పట్టుకుని మా తమ్ముడి చేను పక్క చెరువు కట్ట మీదికి పోయి చూపించినా. అది ఒక రోజు పోయింది. మరుసటి రోజు ఇద్దరం ఆ 2019 జవాబులకు విడివిడిగా మార్కులు వేశాం. ఒకదానికి నేను 5 వేశా, అది 3 వేసింది. తీసి చూస్తే అదే నాకన్నా దగ్గరగా ఉంది. అక్షరాలా ఏమన్నదంటే, "తాతయ్యా, ఇంగ్లీష్ బాగుందని నువ్వు పడిపోయావు. ఆ పిల్లాడు ఏమీ చెప్పలేదు." ముప్పైనాలుగేళ్లలో నన్ను ఏ చీఫ్ ఎగ్జామినరూ ఈ మాట అనలా.

ఆర్గ్యుమెంట్ వ్యాసం దగ్గర ఇంకో చిక్కు. దాంట్లో పాసేజీల బలం ఉండదు, చదివిందీ చూసిందీ తనే తెచ్చుకోవాలి. ఒక ప్రాక్టీసు ప్రశ్నకు, చదువు మనిషిని మారుస్తుందా అన్నట్టుండాది, మా పిల్ల వాళ్ల క్లాసులో అందరూ రాసేవే రాసింది, స్టీవ్ జాబ్స్, మార్టిన్ లూథర్ కింగ్. అప్పుడు దానికి మన నెల్లూరు జిల్లా దూబగుంట ఊరి సంగతి చెప్పినా. మన జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జరిగే రోజుల్లో నేనూ సాయంత్రాలు వలంటీర్‌గా పోయేవాణ్ణి, మా పక్క ఊళ్లో. రాత్రి బడిలో వాచకంలో సారా గురించి ఒక పాఠం. అది చదివి దూబగుంట ఆడవాళ్లు తొంభైల మొదట్లో సారా కొట్టు మూయించారు. అక్కణ్ణుంచి ఊరూరూ పాకింది. 1993లో సర్కారు సారా నిషేధించింది, 1995లో మొత్తం మద్యమే నిషేధించారు. ఆ తర్వాత ఎత్తేశారనుకోండి, అది వేరే కథ.

నేను ఊపు మీద ఉండా. లాంతరు ఎట్టా ఉండేది, పలకలు ఎన్ని వచ్చేవి, పొలం పని నుంచి నేరుగా వచ్చి కూర్చున్న ఒకావిడ 'సారా' అని రాయబోయి 'సారె' అని రాసి, అందరూ నవ్వితే తనూ నవ్వి తుడుచుకోవడం, ఇరవై నిమిషాలు చెప్పినా. అటు నుంచి చప్పుడు లేదు. నెట్ పోయిందేమో అనుకున్నా. అంతా విని మా పిల్ల, నా యాసలోనే, "అయితే ఏందీ?" అంది.

నేను నోరు తెరిచి మూసుకున్నా. నిజంగా, అయితే ఏంది? అక్షరాలు రావడం వల్ల వాళ్లకు కొత్తగా తెలిసిందేముంది, మొగుడు తాగొచ్చి కొడతాడని పుస్తకంలో చదివి తెలుసుకోవాల్నా? ఇద్దరం అరగంట ఆలోచించాం. చివరికి అదే అంది. తెలియని సంగతి చెప్పినందుకు కాదంట, తన ఒక్క ఇంటి గొడవ అనుకున్నది అచ్చులో కనపడేసరికి, అది ఊరందరి గొడవ అని పక్కనున్న ఆడవాళ్ల మొహాలు చూసి అందరికీ ఒకేసారి తెలిసిందంట. దాన్నే టైప్ చేసింది. వాళ్ల టీచర్ 1-3-0 వేసి, మార్జిన్‌లో దూబగుంట ఎక్కడుందని అడిగిందంట.

ఒంగోలు మేడమ్ గారూ, ఆ ఐదు గంటల పద్ధతిలో మీ దగ్గర ఏప్రిల్‌లో టైము ఉందా? అక్కడ వేసవికని గడియారం ఒక గంట ముందుకు జరిపేశారు గదా, నా పొద్దున 7 దానికిప్పుడు రాత్రి 8:30, నిద్రకు తూగుతుంది. మీ 4 గంటలైతే దానికి సాయంత్రం 5:30, బాగుంటది. మిగిలిన వ్యాసం, సింథసిస్, ఇంకా మొదలెట్టలా. దాంట్లో ఆరు సోర్సులు ఇస్తారు, కనీసం మూడు వాడాలి, ముందు పదిహేను నిమిషాలు చదువుకోవడానికంట. దానికి స్క్రీను మీదే అలవాటు కావాలన్నారు గదా, ఒప్పుకుంటా. నాకు మాత్రం ప్రింటు లేనిదే చూపు ఆనదు. జిరాక్స్ షాపు తొమ్మిదికి గానీ తెరవడు.