అమ్మ పింఛను 15,000 నుంచి 6,000కి దించేశారు, కేర్‌టేకర్‌ని ఎలా పెట్టుకోవాలి?

పటమట అమ్మాయి: అమ్మకి పక్షవాతం. కుడి పక్క మొత్తం పడిపోయింది, మంచం మీదే అన్నీ. ఇన్నాళ్ళూ 15,000 వచ్చేది. సదరం (వైకల్యం సర్టిఫికెట్) రీవెరిఫికేషన్‌లో వైకల్యం 85 శాతం లేదని తేల్చి, ఇకమీదట 6,000 అని నోటీసు చేతిలో పెట్టారు. కేర్‌టేకర్ జీతం ఆ డబ్బులోంచే ఇస్తున్నా. ఇప్పుడు నేను ఉద్యోగం మానుకోవాలా? ఇంటికొచ్చి ఫిజియోథెరపీ చేసే గవర్నమెంటు వాళ్ళెవరైనా ఉన్నారా? చూసుకునేవాళ్ళకి ఏదైనా స్కీమ్ ఉందా?

సత్యనారాయణపురం తాతయ్య: పింఛన్ల గురించి అందరూ మాట్లాడతారు, రైలు సంగతి ఒక్కరూ ఎత్తరు. టికెట్టు మీద పెద్దవయసు మగవాళ్ళకి 40, ఆడవాళ్ళకి 50 శాతం రాయితీ ఉండేది. 2020 మార్చిలో కరోనా వంక పెట్టి పీకేశారు. కరోనా పోయింది, రాయితీ మాత్రం తిరిగి రాలేదు. పార్లమెంటులో అడిగితే ప్రతి ప్రయాణికుడికీ టికెట్టు మీద దాదాపు సగం సబ్సిడీ ఇస్తూనే ఉన్నామంటారు. కంటి చూపుకోసం పినాకినిలో మద్రాసు వెళ్ళొచ్చే మాలాంటి ముసలాళ్ళకి అదొక ఓదార్పు కాబోలు.

ట్రెజరీ రిటైర్డ్, అరండల్‌పేట: అమ్మా, ఈ ఫైళ్ళ మధ్యే తల నెరిసింది నాకు. ఒకటి తెలుసుకో. కోత అని రాసి జీవో ఎవడూ ఇవ్వడు. బడ్జెట్లో అంకె పెద్దదే చూపిస్తారు. తర్వాత రిలీజ్ ఆపుతారు, లేదా అర్హత బిగిస్తారు. 2024 జులైలో వృద్ధాప్య పింఛను 3,000 నుంచి 4,000 చేశారు, బానే ఉంది, కాదనను. ఆ వెనకే జల్లెడ కూడా పట్టారు. ఢిల్లీ వాళ్ళయితే మరీ. వృద్ధాప్య పింఛనులో వాళ్ళ వాటా మనిషికి 200, ఎనభై దాటితే 500. ఈ 200 అన్నది 2006-07 నాటి మాట. మిగతాదంతా రాష్ట్రం నెత్తినే. నోటీసు మీద మున్సిపల్ కమిషనర్‌కి అప్పీలు పెట్టు, ఆలస్యం చెయ్యకు.

గుంటూరు కొత్తపేట కోడలు: మాకు వేరే రకంగా తగిలింది. మా మామగారి ఆధార్ మా మీటరుకి లింకై ఉంది. ఆక్సిజన్ కాన్సంట్రేటరు పగలూ రాత్రీ ఆడుతుంది, ఎయిర్ బెడ్ మోటారు ఆగితే వీపు మీద పుండ్లు. ఎండాకాలం ఏసీ తప్పదు. కరెంటు నెల సగటు 300 యూనిట్లు దాటిందని ఆయన వృద్ధాప్య పింఛనుకి ఎసరు పెట్టారు. రోగమే యూనిట్లు పెంచింది, యూనిట్లే పింఛను తీసేశాయి.

సింగ్‌నగర్ ఎలక్ట్రీషియన్: ఏసీ వేసుకునే ఇంటికి పింఛనెందుకండీ? మా నాన్నది రేకుల ఇల్లు. అరవై దాటాయని సచివాలయానికి తీసుకెళ్తే కొత్తవి తీసుకోవట్లేదు, ఓపెన్ అయితే చెప్తాం అన్నారు. ఇప్పటికీ చెప్పలేదు.

గుంటూరు కొత్తపేట కోడలు: మీ నాన్నగారికి రావాల్సిందే, ఎవరు కాదన్నారు? మే నెలలో డాబా కింద, వీపు పచ్చిపుండై ఉన్న మనిషిని ఏసీ లేకుండా ఒక్క మధ్యాహ్నం పడుకోబెట్టి చూడండి. అప్పుడు మాట్లాడుకుందాం.

సింగ్‌నగర్ ఎలక్ట్రీషియన్: కోపం దేనికండీ. లెక్క చెప్తా వినండి. అయిదు లీటర్ల కాన్సంట్రేటరు 350 వాట్లు లాగుతుంది. రోజంతా ఆడితే ఎనిమిది యూనిట్ల పైమాటే, నెలకి 250. ఎయిర్ బెడ్ మోటారుది అసలు లెక్కలోకే రాదు. అంటే ఫ్యాను, ఫ్రిజ్ కలిపితేనే 300 దాటిపోద్ది, ఏసీ దాకా పోనక్కర్లేదు. ఇది అన్యాయమే, ఒప్పుకుంటా. రెండో మీటరు పెట్టించుకోండి.

ట్రెజరీ రిటైర్డ్, అరండల్‌పేట: ఒకే ఇంటికి రెండో మీటరు పెట్టి స్కీములు తీసుకోమని సలహానా! బాబూ, నీలాంటి వాళ్ళవల్లే నిజమైనవాళ్ళకి రూల్సు బిగిస్తారు.

సింగ్‌నగర్ ఎలక్ట్రీషియన్: మీకు ఒకటో తారీఖు పెన్షన్ పడుతుంది సార్, మీరు ఎన్ని నీతులైనా చెప్తారు.

ట్రెజరీ రిటైర్డ్, అరండల్‌పేట: పడుతుంది. డీఏ బకాయిలు మాత్రం ఎప్పుడిస్తారో దేవుడికే తెలియాలి. ఆ సంగతీ రాయి.

డల్లాస్ బెజవాడ: అందరూ ఎందుకింత నెగెటివ్? పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్ 14567 ఉంది, కాల్ చేయండి. డెబ్బై దాటితే వయోవందన కార్డు, అయిదు లక్షల దాకా వైద్యం.

గుంటూరు కొత్తపేట కోడలు: అన్నయ్యా, పటమట అమ్మాయి వాళ్ళ అమ్మకి డెబ్బై ఉన్నాయో లేవో అడిగారా? ఉన్నా, ఆ కార్డు ఆసుపత్రిలో చేరితేనే పనిచేస్తుంది. డైపర్లు మార్చడానికి రాదు. 2025 అక్టోబరులో బకాయిలివ్వలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు ఎన్టీఆర్ వైద్యసేవ (రాష్ట్రం ఉచిత వైద్యం స్కీము) ఆపేసినప్పుడు మామగార్ని ఒక ఆసుపత్రి గేటు దగ్గరే, డిపాజిట్ కడితేనే అన్నారు. మీరక్కడినుంచి హెల్ప్‌లైన్ నెంబర్లు పంపుతుంటే ఏం చెప్పమంటారు.

భవానీపురం: వాలంటీర్లు ఉన్నప్పుడు ఈ బాధలు లేవు.

మోడరేటర్: వాలంటీర్లు, పార్టీలు ఇక్కడ వద్దు. తర్వాతి నాలుగు పోస్టులు తీసేశాను.

పటమట అమ్మాయి: అమ్మకి 66. ఫిజియో సంగతి ఎవరూ చెప్పలేదు.

గుంటూరు కొత్తపేట కోడలు: చెల్లీ, గవర్నమెంటు నుంచి ఇంటికొచ్చి చేసినవాళ్ళని నేనైతే చూడలేదు. డబ్బిచ్చి ఒక మనిషిని పిలిపించుకుని, పక్కన నిలబడి నేర్చుకున్నా. పడిపోయిన చెయ్యి పట్టుకుని మాత్రం పైకి లేపొద్దు, భుజం కీలు జారిపోద్ది. భుజం వెనక అరచెయ్యి పెట్టి లేపాలి. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, రాత్రిళ్ళు కూడా. ఇక చూసుకునేవాళ్ళకి స్కీమంటావా, కేరళలో ఆశ్వాసకిరణం అని నెలకి 600 పెట్టారు. మనకి అదీ లేదు. మా ఆడపడుచుని నెలకో వారం రమ్మంటే తనకి ఇల్లు లేదా అంటుంది.

సింగ్‌నగర్ ఎలక్ట్రీషియన్: ఆడపడుచు దాకా వెళ్ళారు. మీ ఆయన ఏం చేస్తాడండీ?

గుంటూరు కొత్తపేట కోడలు: ఫోన్లో కరెంటు బిల్లు చూసి అరుస్తాడు.

పటమట అమ్మాయి: థాంక్స్ అక్కా. ట్రెజరీ బాబాయ్ గారూ, అప్పీలుకి సదరం కాగితం ఒరిజినల్ అడుగుతారా?

ట్రెజరీ రిటైర్డ్, అరండల్‌పేట: చూపించు, వదిలెయ్యకు. జిరాక్సు ఇచ్చి, నీ కాపీ మీద తేదీ, స్టాంపు వేయించుకో. స్టాంపు వెయ్యకపోతే అక్కడే కూర్చో.