60 రోజుల గడువు, బీ-2 హోదా: అనుభవజ్ఞుల సలహా కావాలి

అందరికీ నమస్కారం. టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో హెచ్‌-1బీ (అమెరికా ఉద్యోగ) వీసాపై పనిచేస్తూ వచ్చిన నాకు ఉద్యోగం పోయి 38 రోజులైంది. నిబంధనల ప్రకారం ఉద్యోగం పోయాక ఇక్కడ ఉండేందుకు దక్కే 60 రోజుల గడువులో ఇక 22 రోజులే మిగిలాయి. ఈలోగా కొత్త సంస్థ నా తరఫున పిటిషన్ వేయకపోతే, ఐ-539 (హోదా మార్పు దరఖాస్తు) దాఖలు చేసి బీ-2 (సందర్శకుల) హోదాకు మారాలనుకుంటున్నాను.

ఆ దరఖాస్తు పరిశీలనలో ఉండగా, గడువు దాటాక ఎవరైనా హెచ్‌-1బీ పిటిషన్ వేస్తే, హోదా ఇక్కడే మారుస్తారా, లేక హైదరాబాద్ వెళ్లి వీసా స్టాంపింగ్ (పాస్‌పోర్టులో వీసా ముద్ర) చేయించుకొని తిరిగి రావాల్సి ఉంటుందా? న్యాయవాదిని కలుస్తున్నాను, అయినా ఈ దశను స్వయంగా దాటినవారి మాట నాకు ఎంతో ధైర్యమిస్తుంది.

మరొక సందేహం. హెచ్‌-4 (హెచ్‌-1బీ ఉద్యోగి కుటుంబ సభ్యుల వీసా)పై ఉన్న నా భార్య డ్రైవింగ్ లైసెన్సుపై ‘లిమిటెడ్ టర్మ్’ (పరిమిత కాలం) అని ముద్రించి ఉంది. దాని గడువు ఐ-94 (దేశంలో ఉండే గడువు తెలిపే పత్రం)తో పాటే రెండు నెలల్లో ముగుస్తుంది. ఇక్కడే పుట్టిన మా పాపను రోజూ బడికి తీసుకెళ్లేది ఆమే. ఐ-539 రసీదు చూపితే లైసెన్సు పొడిగిస్తారా? టెక్సస్‌లో ఉన్నవారు దయచేసి తెలుపగలరు.