సమస్య: “తెగిన తీగలతోడుతఁ దీర్చె శాల”

నిర్వాహకులు:
జపాను మహిళా రాక్ సంగీత బృందం ప్రిన్సెస్ ప్రిన్సెస్ కథ చదువుతుండగా ఈ పాదం నోట పలికింది. 1983లో ఒక ఆడిషన్లో ఎంపికై, అకసాకా కొమాచి అన్న పేరుతో మొదలైన ఆ అయిదుగురూ, 1989లో టోక్యోలోని బుడోకాన్ సభామందిరపు వేదికనెక్కిన తొలి మహిళా రాక్ బృందమై, ఆ ఏటి సింగిల్స్ (విడి పాటల రికార్డుల) అమ్మకాలలో మొదటి రెండు స్థానాలూ తామే దక్కించుకొని, 1996లో అదే బుడోకాన్‌లో సెలవు పుచ్చుకున్నారు. 2011 సునామీ బాధితుల కోసం 2012లో ఆ ఒక్క ఏడాదికి మళ్లీ కలిశారు. అప్పుడు వచ్చిన సొమ్ముతో సెందాయి నగరంలో కట్టిన పాటల శాల 2016 మార్చిలో తెరుచుకుంది. ఇక పూరించండి.

గోదావరి గట్టు:
ఐదుగురు కూడి పాడిరి హాయిగాను
వీడిరా బుడోకానులో వేడ్క ముగియ
కడలి పొంగిన సెందాయి గాయమునకు
తెగిన తీగలతోడుతఁ దీర్చె శాల

తుమ్మెద:
మూడవ పాదం నిజంగా బాగుంది. అయితే పాడినవారూ వీడినవారూ బహువచనంలో ఉండగా, చివర శాలను “తీర్చె”నన్నది ఎవరు? “హాయిగాను” యతి కోసం వచ్చిన చుట్టమని వేరే చెప్పనక్కరలేదు. గట్టుగారి గత మాసపు వర్షవర్ణనలో “జోరుగాను” కూడా ఇలాగే వచ్చి కూర్చుంది. నా పూరణ:

పదియు నాఱేండ్ల పిమ్మట మరల జట్టు
కడలి ముంచిన యూళ్లకై కదలి పాడ
వెంట వెంటనే సభలకు వేల చీట్లు
తెగిన తీగలతోడుతఁ దీర్చె శాల

మంజీర:
ఆహా, తెగినవి తీగలు కావు, టిక్కెట్లు! సినిమా హాలు గుమ్మంలో రోజూ వినే మాటతో సమస్యలోని అమంగళాన్ని తుడిచేశారు. ఒక్కటే ఫిర్యాదు: ఆ జట్టులో కొన్నో వాయించినది కీబోర్డు, తోమితా వాయించినది డ్రమ్ములు, పుణ్యమంతా తీగలకే కట్టబెడితే వారిద్దరూ ఏమనుకోవాలి?

గోదావరి గట్టు:
చమత్కారానికి మురిసి, మంజీరగారు మొదటి పాదం చూడలేదు. పకారానికి మకారంతో యతిమైత్రి ఎన్నడు కుదిరింది, తుమ్మెదగారూ? నా “గాను”లను లెక్కపెట్టే శ్రద్ధలో సగం ఇక్కడ పెట్టవలసింది.

తుమ్మెద:
తప్పు నాదే. “పదియు నాఱేండ్ల మౌనముం బాసి జట్టు” అని సవరిస్తున్నాను.

గోదావరి గట్టు:
యతి కుదిరింది, చరిత్ర కుదరలేదు. విడిపోయాక గాయని ఒకుయి కావొరి ఒంటరిగా పాడుతూనే ఉన్నారు గదా.

నిర్వాహకులు:
మౌనం జట్టుదని పద్యంలోనే ఉంది, గాయనిదని లేదు. ఆ ఆక్షేపణ నిలవదు. కర్త ఎవరన్న ప్రశ్నకు మాత్రం గట్టుగారు ఇంకా జవాబు చెప్పలేదు.

గోదావరి గట్టు:
చిత్తం. మొదటి రెండు పాదాలు ఇలా చదువుకోండి:

ఐదుగురి జట్టు పాడెను హాయి పంచి
వీడె నా బుడోకానులో వేడ్క ముగియ

“గాను” పోయింది, తుమ్మెదగారు గమనించగలరు.