ముతబ్బల్‌కి తియ్యదనం తేవాలంటే ఏం కలపాలి? తేనె, దానిమ్మ పాకం, ఖర్జూరం సిరప్?

నువ్వుల_చిమ్మిలి:

లెబనాన్, సిరియా వాళ్ళు చేసే ముతబ్బల్ ఇంట్లో చేస్తున్నాను. అదేనండీ, కాల్చిన వంకాయ గుజ్జులో తహీనీ (మెత్తగా నూరిన నువ్వుల ముద్ద), నిమ్మరసం, వెల్లుల్లి, ఉప్పు కలిపి పైన ఆలివ్ నూనె పోసి రొట్టెతో నంజుకునేది. మామూలుగా చేస్తే బాగానే వస్తోంది. కాస్త తీపి తగిలేలా చేద్దామంటేనే కుదరడం లేదు.

నా కొలతలు: పెద్ద నల్ల వంకాయలు రెండు (800 గ్రాములు), తహీనీ 6 టేబుల్ స్పూన్లు, ఒక నిమ్మకాయ రసం, వెల్లుల్లి 3 రెబ్బలు, ఉప్పు, తేనె 2 టేబుల్ స్పూన్లు. గ్యాస్ మంట మీద కాల్చి, తొక్క తీసి, అన్నీ కలిపి మిక్సీలో ఒక తిప్పు తిప్పుతాను.

గంటయ్యేసరికి గిన్నె అంచున నీరు ఊరుతోంది. తేనె వంకాయతో కలవకుండా విడిగా నాలుకకి తగులుతోంది. మింగాక సన్నగా చేదు మిగులుతోంది. దానిమ్మ పాకం వేస్తారని తెలుసు గానీ మా ఊళ్ళో ఆ సీసా దొరకదు. ఇంట్లో కాచుకోవచ్చా? ఖర్జూరం సిరప్ దొరుకుతోంది, అది పనికొస్తుందా? కొలతలతో చెప్పగలరు.

కుంపటి_సెగ:

తీపి జోలికి వెళ్ళేముందు నీటి సంగతి తేల్చుకోవాలండీ. వంకాయలో తొంభై శాతం పైన నీరే. కాల్చిన వెంటనే మిక్సీలో వేస్తే ఆ నీరంతా గుజ్జులోనే ఉండిపోతుంది. ఉప్పు ఆ నీటిని మెల్లగా బయటికి లాగుతుంది, దానికి తోడు తేనె కూడా లాగుతుంది. తీపి లేనప్పుడు బయటపడని లోపం తీపి వేయగానే బయటపడుతోందంటే కారణం ఇదే.

మొదట కాయ. ఒకే సైజు కాయలు రెండు చేతుల్లోకి తీసుకుని తూచి చూడండి, తేలిగ్గా అనిపించినదాన్లో గింజ తక్కువ. తొక్క నిగనిగలాడాలి, తొడిమ పచ్చగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట పడి మళ్ళీ పైకి రావాలి. ముదురు కాయలో గింజలు గోధుమ రంగుకి తిరుగుతాయి, చేదు అక్కణ్ణుంచే మొదలవుతుంది. తొడిమ అంచున, పక్కల సన్నటి బెజ్జం కనిపిస్తే పుచ్చు అన్నమాట. అలాంటి కాయని పక్కన పెట్టెయ్యండి.

కాల్చడం. తడి తుడిచి, ఫోర్కుతో నాలుగైదు చోట్ల పొడవండి, లేకపోతే ఆవిరికి పగలొచ్చు. బర్నర్ మీద పుల్కా జాలీ పెట్టి, మధ్యస్థం కంటే కొంచెం పెద్ద మంట మీద 400 గ్రాముల కాయని 15 నుంచి 20 నిమిషాలు కాల్చండి. మూడు నాలుగు నిమిషాలకోసారి పావు వంతు తిప్పండి. చాలామంది పొట్ట భాగం మెత్తబడగానే దింపేస్తారు. తొడిమ దగ్గర మెడ భాగం అన్నిటికంటే ఆలస్యంగా ఉడుకుతుంది, చివరి నాలుగు నిమిషాలు మెడని మంట మీదికి జరిపి ఉంచాలి. అక్కడ పుల్ల గుచ్చితే ఎక్కడా తగలకుండా దిగిపోవాలి. సగం ఉడికిన ముక్క స్పాంజిలా ఉంటుంది, గొంతులో దురద పెడుతుంది, ఎంత తహీనీ వేసినా ఆ పచ్చి రుచి పోదు.

దించి గిన్నెలో పెట్టి పది నిమిషాలు మూత వేస్తే తొక్క సులువుగా వస్తుంది. అంతకంటే ఎక్కువ ఉంచితే గుజ్జు నల్లబడుతుంది. తొక్క తీసేటప్పుడు కుళాయి కింద పెట్టకండి, పొగ వాసన మొత్తం నీళ్ళతో పోతుంది. పక్కన గిన్నెలో నీళ్ళు పెట్టుకుని వేళ్ళు ముంచుకుంటూ తీస్తే చాలు. మాడిన తొక్క ఒకటి రెండు పేలికలు మిగిలినా ఫరవాలేదు, గుప్పెడు మిగిలితే చేదే. గింజలు గుత్తులుగా కనిపిస్తే వాటినీ తీసెయ్యండి.

ఇప్పుడు అసలు పని. గుజ్జుని నిలువుగా చీల్చి, చిల్లుల గిన్నెలో పరిచి, ఒక స్పూను నిమ్మరసం చల్లి అరగంట వదిలెయ్యండి. కింద గోధుమ రంగు నీరు దిగుతుంది. 800 గ్రాముల కాయలకి వడిసిన గుజ్జు 400 గ్రాములు అటూ ఇటూగా మిగలాలి. 500 ఉందంటే ఇంకో పావుగంట ఆగండి.

మిక్సీ వద్దు. బ్లేడు గింజల్ని నలిపి చేదుని బయటికి తెస్తుంది, గుజ్జు జిగురుగా మారుతుంది. కత్తితో అడ్డంగా నిలువుగా తరిగి ఫోర్కుతో మెదపండి. పీచు పీచుగా కనపడాలి.

సిరా_బుడ్డి:

పైన చెప్పినదాంతో చేదు, నీరు రెండూ తీరతాయి. కొలతల మాట నేను చెబుతాను. 400 గ్రాముల గుజ్జుకి 6 స్పూన్ల తహీనీ చాలా ఎక్కువ, తీపి వేసే రకానికి మరీ ఎక్కువ. 3 టేబుల్ స్పూన్లు (45 గ్రాములు) చాలు. వెల్లుల్లి ఒక్క చిన్న రెబ్బ. పచ్చి వెల్లుల్లి ఘాటుకీ తీపికీ పడదు. రెబ్బని ఉప్పుతో నూరి నిమ్మరసంలో పది నిమిషాలు ఉంచితే ఘాటు తగ్గుతుంది.

కలిపే వరస కూడా ముఖ్యమే. ముందు తహీనీలో ఆ నిమ్మరసం పొయ్యండి. గట్టిగా ముద్దకట్టుకుంటుంది, పాడైందని కంగారు పడొద్దు. చల్లటి నీళ్ళు ఒక్కో స్పూను వేస్తూ తిప్పితే మూడో నాలుగో స్పూనుకి తెల్లటి మీగడలా విప్పారుతుంది. అప్పుడు చల్లారిన గుజ్జు కలపండి. తహీనీని నేరుగా గుజ్జులో వేస్తే ఉండలు కట్టి, తిన్నప్పుడు నోటికి అతుక్కుంటుంది.

తహీనీ ఇంట్లో చేసుకునేవాళ్ళకి ఒక మాట: పొట్టు తీసిన తెల్ల నువ్వులే వాడండి. పొట్టుతో ఉన్నవైతే ఇంకో చేదు వచ్చి చేరుతుంది. సన్న సెగ మీద రంగు మారకముందే, కమ్మటి వాసన రాగానే దించాలి. చిమ్మిలికి వేయించినట్టు ఎర్రగా వేయిస్తే వంకాయ రుచి అడుగున పడిపోతుంది.

దానిమ్మ_తొన:

తేనె విడిగా తగలడానికి కారణం దానికి తోడు పులుపు లేకపోవడం. 2 టేబుల్ స్పూన్ల తేనెకి ఒక నిమ్మకాయ ఏ మూలకీ చాలదు. పైగా తేనె పూల వాసన కాల్చిన వాసనకి అడ్డొస్తుంది. దానిమ్మ పాకంలో తీపి, పులుపు, కొద్దిగా వగరు కలిసే ఉంటాయి, అందుకే అది గుజ్జులో ఇమిడిపోతుంది. ఇంట్లో బ్రహ్మాండంగా కాచుకోవచ్చు.

మన దగ్గర ఎక్కువగా దొరికేది భగవా రకం. రంగు బాగుంటుంది, తియ్యగా ఉంటుంది, పులుపు తక్కువ. అరబ్బుల పాకానికి పుల్లటి కాయలు వాడతారు. కాబట్టి మనం పులుపు పై నుంచి ఇవ్వాలి.

లీటరు రసానికి రెండున్నర కిలోల కాయలు పడతాయి. గింజల్ని మిక్సీలో రెండు మూడు సెకన్ల చొప్పున ఆపి ఆపి తిప్పండి, లోపలి తెల్ల గింజ నలగకూడదు, నలిగితే వగరు. సన్నటి గుడ్డలో వడకట్టండి. అడుగు మందంగా, వెడల్పుగా ఉన్న స్టీలు గిన్నెలో పోసి 60 గ్రాముల పంచదార, 60 మిల్లీలీటర్ల నిమ్మరసం కలపండి. అల్యూమినియం, ఇనుము వద్దు. పులుపు ఆ లోహాల్ని పట్టి రుచి చెడగొడుతుంది, ఇనుములోనైతే నల్లగా కూడా మారుతుంది.

ఒక పొంగు రాగానే మంట తగ్గించి, చిన్న బుడగలు వచ్చే సెగ మీద గంట నుంచి గంటంపావు కాచండి. లీటరు కాస్తా 220 మిల్లీలీటర్ల దాకా దిగాలి. చివరి పావుగంట దగ్గరే ఉండండి. బుడగలు పెద్దవై, నిగనిగలాడుతూ ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. ఫ్రిజ్‌లో చల్లబరిచిన పళ్ళెం మీద ఒక చుక్క వేసి వేలితో గీత గీస్తే ఆ గీత మెల్లగా పూడాలి. గీత అలాగే నిలబడిపోతే పాకం ముదిరినట్టు, చల్లారాక గరిటెకి రాదు. రెండు స్పూన్ల వేడినీళ్ళు పోసి ఒక్కసారి కాస్తే మళ్ళీ దారికొస్తుంది. వేడిమీద పల్చగా ఉంది కదా అని ఇంకా కాచడమే అందరూ చేసే పొరపాటు. రంగు ముదురు గోధుమ ఎరుపు రావాలి, ఎర్రగా మెరవాలని చూడొద్దు. తడిలేని గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే నెలా రెండు నెలలు ఉంటుంది.

400 గ్రాముల గుజ్జుకి ఒక టేబుల్ స్పూను లోపల, ఒక టీస్పూను పైన ధారగా. నిమ్మరసం ఒకటిన్నర టేబుల్ స్పూనుకి తగ్గించండి.

ఖర్జూరం సిరప్ కూడా మంచిదే, తహీనీకి అది పాత చుట్టం. ఇరాక్‌లో ఖర్జూర పాకం, నువ్వుల ముద్ద కలిపి రొట్టెతో పొద్దున్నే తింటారు. కానీ దాన్లో పులుపు ఉండదు. అందుకని 2 టీస్పూన్ల సిరప్ వేస్తే నిమ్మరసం మరో 2 టీస్పూన్లు పెంచాలి. సీసా మీద ఖర్జూరం తప్ప ఇంకేమీ రాసి లేకుండా చూసుకోండి. గ్లూకోజ్ కలిపినవి ఉత్త తీపి.

వాల్‌నట్_గుల్ల:

తీపి రకానికి తహీనీ అక్కర్లేదనే నేనంటాను. సిరియా, లెబనాన్ ఇళ్ళలో బాబా గనూజ్ అని కాల్చిన వంకాయతోనే చేసేదాంట్లో చాలాచోట్ల తహీనీ ఉండదు. దానిమ్మ పాకం అక్కడే అందంగా పలుకుతుంది. తహీనీ కొవ్వు పులుపునీ తీపినీ రెంటినీ మొద్దుబారుస్తుంది, దాంతో పాకం ఇంకా ఇంకా పొయ్యాల్సి వస్తుంది.

400 గ్రాముల తరిగిన గుజ్జు, గింజ తీసిన టమాటా ఒకటి, చిన్న ఉల్లిపాయ సగం, ఎర్ర క్యాప్సికం పావు, అన్నీ సన్నగా తరిగినవి. కాస్త వేయించి చిదిమిన వాల్‌నట్లు 30 గ్రాములు, పార్స్లీ గుప్పెడు, దానిమ్మ పాకం ఒకటిన్నర టేబుల్ స్పూన్లు, నిమ్మరసం ఒకటి, ఆలివ్ నూనె మూడు. పైన దానిమ్మ గింజలు. పార్స్లీ దొరక్కపోతే కొత్తిమీర సగం, పుదీనా నాలుగాకులు. టమాటా గింజలూ రసమూ తీసెయ్యకపోతే మీరు వడకట్టిన నీరంతా మళ్ళీ తెచ్చి పోసినట్టే. ఉప్పు వడ్డించేముందే వెయ్యండి.

దానిమ్మ_తొన:

@వాల్‌నట్_గుల్ల, రుచి మాట ఒప్పుకుంటాను. కానీ ఆవిడ/ఆయన అడిగింది ముతబ్బల్ కదా. తహీనీ 45 గ్రాములకి తగ్గిస్తే పాకం బాగానే తెలుస్తుంది.

చింతతొక్కు:

దానిమ్మలు అంత ఖరీదు పెట్టి కొనలేనివాళ్ళకి మన వంటింట్లోనే దారి ఉంది. మన కాల్చిన వంకాయ పచ్చడిలో చింతపండు, బెల్లం పడుతూనే ఉన్నాయి, వంకాయకి ఆ జోడీ కొత్తేం కాదు. 15 గ్రాముల చింతపండుని 60 మిల్లీలీటర్ల వేడినీళ్ళలో నానబెట్టి చిక్కగా పిండి, 15 గ్రాముల బెల్లం వేసి, వడకట్టి, రెండు టేబుల్ స్పూన్లు మిగిలేదాకా మరిగించండి. చల్లారాక ఒక టేబుల్ స్పూను గుజ్జులో కలిపి రుచి చూసి తర్వాత ఇంకొంచెం. ఇది వేస్తే నిమ్మరసం సగం చాలు.

పండ్ల వాసన రాదు, దానిమ్మ పాకంతో సమానం అనను. తీపీ పులుపూ మాత్రం సరిగ్గా కుదురుతాయి. చెయ్యి ఊరుకోక ఇంగువ, ఆవాల పోపు పెట్టారంటే అది మంచి పచ్చడే అవుతుంది, ముతబ్బల్ మాత్రం కాదు.

నువ్వుల_చిమ్మిలి:

అందరికీ ధన్యవాదాలు. ఇంకో రెండు. మా చెల్లెలి ఇంట్లో ఇండక్షన్ పొయ్యి మాత్రమే ఉంది, మంట లేకుండా ఎలా? అలాగే ముందురోజు చేసి ఉంచి మర్నాడు వడ్డించొచ్చా?

కుంపటి_సెగ:

ఇండక్షన్ మీద మందపాటి ఇనుప పెనం పెట్టండి. నూనె వద్దు. కాయని నేరుగా పెట్టి, బోర్లించిన గిన్నెతో మూసి, మధ్యస్థం మీద 35 నుంచి 40 నిమిషాలు, ఎనిమిది నిమిషాలకోసారి తిప్పుతూ. తొక్క నల్లగా మాడితేనే రుచి, భయపడకండి. ఓవెన్ ఉంటే 230 డిగ్రీల్లో 45 నిమిషాల నుంచి గంట, పొడవకుండా మాత్రం లోపల పెట్టొద్దు. రెండింట్లోనూ గుజ్జు బాగా ఉడుకుతుంది, పొగ వాసన మాత్రం రాదు. బాల్కనీలో చిన్న బొగ్గు ముక్క నిప్పు చేసి, గిన్నెలో గుజ్జు మధ్య చిన్న స్టీలు కప్పులో పెట్టి, దాని మీద నాలుగు చుక్కల నూనె వేసి మూడు నిమిషాలు మూత పెట్టండి. ఐదు నిమిషాలు దాటితే మసి రుచి వస్తుంది. బొగ్గు కుదరకపోతే పావు టీస్పూను స్మోక్డ్ పాప్రికా (పొగబెట్టిన ఎర్ర మిరప పొడి) కలపండి.

ముందురోజు చేసేటట్టయితే మొత్తం కలిపి ఉంచకండి. వడిసిన గుజ్జులో నిమ్మరసం, ఒక స్పూను నూనె కలిపి మూత డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి, రెండు రోజులు ఆగుతుంది. తహీనీ మీగడ వేరే డబ్బాలో. పచ్చి వెల్లుల్లి రాత్రంతా ఉంటే ఘాటు ముదిరి వాసన మారుతుంది కాబట్టి మర్నాడే వెయ్యండి. తినే గంట ముందు అన్నీ కలిపి, పాకం చివర్లో. గట్టిపడి ఉంటే చల్లటి నీళ్ళు ఒక స్పూను వేసి తిప్పండి. చల్లగా ఉన్నప్పుడు నాలుకకి తీపి తక్కువగా తెలుస్తుంది, ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే రుచి చూసి పాకం పెంచేస్తే తర్వాత ఎక్కువైపోతుంది. అరగంట బయట ఉంచాకే సరిచూసుకోండి.

వచ్చేవాళ్ళలో నువ్వులు పడనివాళ్ళు ఎవరైనా ఉన్నారేమో ముందే అడగండి. ఉంటే వాల్‌నట్_గుల్ల గారు చెప్పిన రకం చెయ్యండి, వాల్‌నట్లు పడతాయో లేదో కూడా అదే ఫోన్లో కనుక్కుని.