సమస్యాపూరణం: “రాళ్ళు పూచెను తోటలో రమ్యముగను”

ప్రశ్నకర్త: ఈ వారపు సమస్య తేటగీతి అనే ఛందస్సులో చివరి పాదం. విరుద్ధంగా తోచే ఈ మాట పొసగేలా ముందు మూడు పాదాలు వ్రాయాలి. సొంత చేతులతో తోటలు పెంచినవారిని దృష్టిలో ఉంచుకొని పూరించగలరు. “రాళ్ళు” అన్నచోట శకటరేఫ (బండి ఱ) పట్టింపును సడలించాను.

నందివర్ధనం:
పగలు కొలువుండి, రాత్రులఁ బరుల కంటఁ
బడక యడవిలో నేరిన పగులు గాజు
ముక్క లతికిన నేక్‌చందు ముదముతోడ
రాళ్ళు పూచెను తోటలో రమ్యముగను.

ప్రశ్నకర్త: నందివర్ధనం గారూ, చండీగఢ్ రాక్ గార్డెన్‌ను ఎంచుకోవడంతోనే విరోధం సహజంగా పరిహారమైంది. ప్రజాపనుల శాఖలో రోడ్ల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన నేక్ చంద్, 1957 నుండి సుఖ్నా సరస్సు సమీపంలోని అడవిలో విరిగిన గాజులు, పింగాణీ పెంకులు, శివాలిక్ కొండల దిగువన ఏరిన రాళ్ళు చేర్చి, ఎవరికీ తెలియకుండా ఏళ్ళ తరబడి ఒక లోకాన్నే నిర్మించారు. కట్టడాలు నిషిద్ధమైన ఆ స్థలంలో అది బయటపడ్డాక కూల్చివేత మాట వచ్చినా, చివరకు 1976లో ప్రజలకు తెరిచారు. (స్థలం సొంతం కాదు గాని, అంతకన్న సొంతమైన తోట మరొకటి ఉంటుందా?) “కొలువుండి” అన్న ఒక్క మాటలో ఆయన ఉద్యోగం ఇమిడింది. అయితే “ముదముతోడ” యతి (పాదం తొలి అక్షరంతో నడిమి అక్షరానికి కుదరవలసిన మైత్రి) కోసం వచ్చిన పూరకమే. పైగా ముక్కలు అతికింది ఆయనా, రాళ్ళా అన్న అన్వయక్లేశం మిగిలింది. “నేక్‌చందు మూర్తులందు” అంటే రెండూ తీరుతాయి.

ఎర్రమన్ను:
ఆకుజంటలే గులకరాయి వలెఁ దోఁచు
మొక్క లివి, వాటి చీలిక మొగ్గఁ దొడిగి
విప్పెఁ బసుపువి, తెల్లవి విరులు, నేఁడు
రాళ్ళు పూచెను తోటలో రమ్యముగను.

మా మేడమీది కుండీలలోని లిథాప్స్ అనే మొక్కల గురించి వ్రాశాను.

ప్రశ్నకర్త: భావం కొత్తది. 1811లో దక్షిణాఫ్రికాలో బర్చెల్ అనే అన్వేషకుడు వింత ఆకారపు గులకరాయి అనుకొని చేతిలోకి తీసుకున్నది ఈ మొక్కనే. మొదటి పాదంలో గణాలు సరిపోయినా “ఆ”కు “యి” యతి చెల్లదు. “గులకరా లటులఁ దోఁచు” అనండి.

ఎర్రమన్ను: సవరణకు ధన్యవాదాలు, ఆర్యా.

పొగడపూలు:
తాత నాటిన మల్లెకుఁ దనివితీరఁ
బడికిఁ బోవక మున్నుగాఁ బాత్రతోడ
నీరు పోయఁగ నిరువురు నెమ్మి మనుమ
రాళ్ళు, పూచెను తోటలో రమ్యముగను.

ప్రశ్నకర్త: మనుమరాళ్ళను పాదాంతంలో విరిచి రాళ్ళనే మాయం చేశారు. నేక్ చంద్ పూరణలో వస్తువు గొప్పది. పూరణగా నాకు ఇదే మిన్న. వేరొకరి పేరు అవసరం లేకుండా తోట పెంచిన మనిషి, దాన్ని అందుకున్న పిల్లలు నాలుగు పాదాలలో కనిపించారు.

నందివర్ధనం: పద్యం ముచ్చటగా ఉంది గాని, మల్లెకు “తనివితీర” నీరు పోస్తే ఆకే విస్తరిస్తుంది. శీతాకాలంలో నీరు ఆపి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, తరువాత తడి పెడితేనే వేసవికి విరగబూస్తుంది.

పొగడపూలు: మా తాతగారూ అలాగే చేసేవారు. “మల్లెకుఁ దగినయంత” అని మార్చుకుంటాను. యతికీ, మల్లెకూ సరిపోతుంది.