క్యాసెట్ నుండి ఎక్కించిన డిస్కులు ఇంటి ప్లేయర్లలో ఆడటం లేదు: సలహా కావాలి

ప్రశ్న: అనంతపురం నుండి ఒక ఉపాధ్యాయుడు

అందరికీ నమస్కారం. మా నాయన కళ్యాణదుర్గం వైపు మా ఊరిలో 40 ఏళ్లపాటు చెక్కభజన నేర్పిన గురువు. 1997లో శ్రీరామనవమి రాత్రి రామాలయం ముందు ఆయన ఆడించిన భజనను ఒక స్టూడియో వారి చేత వీడియో తీయించాము. దానితోపాటు తరువాతి రెండు పండుగలవీ కలిపి మా ఇంట్లో 3 వీహెచ్ఎస్ క్యాసెట్లు ఉన్నాయి. నాయన పోయి ఆరేళ్లయింది. ఆయన దగ్గర అడుగు నేర్చుకున్నవారు ఐదుగురు ఇంకా ఊళ్లోనే ఉన్నారు. అందరూ పెద్దవారే, ఫోను తెర మీద చూడటం వారి కళ్లకు కష్టం, కానీ ఐదు ఇళ్లలోనూ టీవీ, పాత డీవీడీ ప్లేయరు ఉన్నాయి. అందుకే మొదటి క్యాసెట్టును డిస్కుకు ఎక్కించి ఇంటికొకటి ఇవ్వాలనుకున్నాను.

బంధువుల ఇంటి నుండి వీసీఆర్ తెచ్చి, యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం ద్వారా 140 నిమిషాల భజనను ల్యాప్‌టాప్‌లోకి తీసుకున్నాను. ల్యాప్‌టాప్‌లో చక్కగా ఆడుతోంది. మొదట ఆ ఎంపీ4 ఫైలునే ఖాళీ డీవీడీ-ఆర్ మీదికి లాగి వదిలితే, ఏ ఇంట్లోనూ ఆడలేదు. కొన్ని ప్లేయర్లు డిస్కు లేదన్నాయి, కొన్ని ఈ ఫార్మాట్ తెలియదన్నాయి. తరువాత ఒక ఉచిత సాఫ్ట్‌వేర్‌తో సరైన డీవీడీగా చేసి, 16ఎక్స్ వేగంతో రాసి, పైన నాయన ఫోటో ముద్రించిన కాగితం అంటించి ఇచ్చాను. నాలుగు ఇళ్లలో తెరుచుకుంది కానీ, ఒక ఇంట్లో బొమ్మ నలుపు తెలుపుగా మారి కిందికి జారుతోంది. మిగిలినచోట్ల ఆడేవారు పక్కకు కదిలినప్పుడల్లా బొమ్మ ముందుకూ వెనక్కూ వణుకుతోంది. చివరి అరగంటలో రెండు ప్లేయర్లు ఆగిపోయాయి. అన్నిటికంటే నన్ను బాధపెట్టేది, మొదట సరిగ్గానే ఉన్న శబ్దం గంటన్నర దాటేసరికి వెనకబడుతోంది. చెక్క తగిలిన తరువాత అర సెకను ఆగి దెబ్బ వినిపిస్తోంది. అడుగూ చెక్కా ఒకే క్షణాన పడాలని జీవితమంతా చెప్పిన మనిషి భజన అది. దానిని తప్పు తాళంతో ఆయన శిష్యులకు చూపించడానికి నాకు మనసు ఒప్పడం లేదు. ఎక్కడ సరిదిద్దుకోవాలో దయచేసి చెప్పండి.

జవాబు: కడప నుండి, ఒకప్పుడు వీడియో స్టూడియో నడిపినవారు

సార్, నమస్కారం. క్యాసెట్ల కాలం నుండి డిస్కుల కాలం వరకు పెళ్లి వీడియోలు తీసి, ఎడిటింగ్ చేసి ఇచ్చిన వాడిని. మీరు చెప్పిన లక్షణాలన్నీ ఒకే జబ్బువి కావు. విడివిడిగా పట్టుకోకుండా డిస్కు మీద డిస్కు రాస్తూ పోతే డబ్బూ ఓపికా రెండూ అయిపోతాయి కాబట్టి, ముందు ఒక్క డిస్కు కూడా రాయకండి.

మొదటి ప్రయత్నం ఎందుకు పోయిందో చెప్పడం సులభం. డీవీడీ ప్రమాణం 1996 నాటిది. మీ ఎంపీ4లో బొమ్మను కుదించే హెచ్.264 పద్ధతి 2003లో వచ్చింది. పాత ప్లేయరుకు ఎంపెగ్-2 అనే పాత పద్ధతిలో కుదించిన బొమ్మ, 48 కిలోహెర్ట్జ్ శబ్దం, వీడియో_టీఎస్ అనే ఫోల్డరులో ఐఎఫ్ఓ, బీయూపీ, వీఓబీ ఫైళ్లు కావాలి. పైగా విండోస్ ఖాళీ డిస్కు పెట్టగానే, దీనిని యూఎస్‌బీ డ్రైవులా వాడుతారా, ప్లేయరు కోసం రాస్తారా అని అడుగుతుంది. మొదటిది ఎంచుకుంటే ఇంటి ప్లేయర్లలో చాలావాటికి ఆ డిస్కు ఉన్నట్టే తెలియదు. రెండవది ఎంచుకున్నా ఎంపీ4 ఎంపీ4గానే ఉంటుంది తప్ప దానంతట అది డీవీడీ కాదు.

రెండవ డిస్కు విషయంలో నా అనుమానం ఏమిటంటే, ఆ ఉచిత సాఫ్ట్‌వేర్ అమెరికా లెక్క ప్రకారం ఎన్‌టీఎస్‌సీలో చేసి ఉంటుంది. మన దేశం పాల్ పద్ధతి, అంటే 720 బై 576 బొమ్మ, సెకనుకు 25 ఫ్రేములు. ఎన్‌టీఎస్‌సీ 720 బై 480, సెకనుకు 29.97. రెండు పద్ధతులూ తెలిసిన టీవీలు ఆ డిస్కును ఎలాగో చూపిస్తాయి, పాల్ మాత్రమే తెలిసిన పాత పిక్చర్ ట్యూబ్ టీవీలో రంగు పోయి బొమ్మ జారుతుంది. మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాములో ఆ వీఓబీ ఫైలు తెరిచి చూడండి, ఒక్క నిమిషంలో తేలిపోతుంది. 25 ఫ్రేములను లాగి 30 చేసినప్పుడు కదలికలో కుదుపు కూడా వస్తుంది కాబట్టి, మీ వణుకులో కొంత భాగం దీనిదే కావచ్చు.

పాల్‌లో చేసిన తరువాత కూడా పక్క కదలికలో వణుకు మిగిలితే అది ఫీల్డుల వరస తప్పడం. క్యాసెట్టు బొమ్మలో ప్రతి ఫ్రేమూ రెండు సగాలు, ఒకదానిలో సరి గీతలు, ఇంకొకదానిలో బేసి గీతలు. సెకనుకు 50 సగాలు వరసగా రావాలి. వెనక రావలసిన సగం ముందు వస్తే, ముందుకు వేసిన కాలు ఒక క్షణం వెనక్కి పోయి మళ్లీ ముందుకు వచ్చినట్టు కనిపిస్తుంది. నిలబడి పాడే దృశ్యంలో ఈ తప్పు తెలియదు, చెక్కభజనలో దాగదు. మామూలు యూఎస్‌బీ పరికరాలతో తీసిన పాల్ వీడియోలో పై ఫీల్డు ముందు ఉండటం సాధారణం. డీవీ కెమెరా ద్వారా తీసుకుంటే మాత్రం కింది ఫీల్డే ముందు. వేగంగా తిరిగే దృశ్యం ఒక నిమిషం కోసుకుని రెండు విధాలుగా చేసి, టీవీ మీదే చూడండి. కంప్యూటర్ ప్లేయర్లు తరచూ రెండు సగాలనూ తామే కలిపి చూపిస్తాయి కాబట్టి అక్కడ తప్పు బయటపడదు.

శబ్దం సంగతి అసలైనది, దానిని డీవీడీ సాఫ్ట్‌వేర్‌లో బాగు చేయాలని చూడకండి. మొదటి నుండి చివరి వరకు ఒకే తేడా ఉంటే శబ్దాన్ని కాస్త జరిపితే సరిపోయేది. మీకు తేడా పెరుగుతూ పోతోంది, అంటే క్యాప్చర్ చేసేటప్పుడు అక్కడక్కడ ఫ్రేములు జారిపోయాయి. గంటన్నరలో 1,35,000 ఫ్రేములు ఉంటాయి. వాటిలో 12 లేదా 13 పోతే చాలు, బొమ్మ అర సెకను ముందుకు వెళ్లిపోతుంది. అప్పటికప్పుడే హెచ్.264గా కుదించమని అడగడం ల్యాప్‌టాప్‌కు భారమై ఉండవచ్చు, పరికరాన్ని హబ్ ద్వారా తగిలించి ఉండవచ్చు, లేదా మేము అప్పట్లో కెమెరా ఆపి మళ్లీ మొదలుపెట్టిన చోట టేపులో సంకేతం తెగి ఉండవచ్చు. పరికరాన్ని నేరుగా ల్యాప్‌టాప్ పోర్టుకే పెట్టి, యాంటీవైరస్ ఆపి, తక్కువ కుదింపుతో ఏవీఐ రకం ఫైలుగా మళ్లీ తీసుకోండి. ఎన్ని ఫ్రేములు జారాయో చూపించే క్యాప్చర్ ప్రోగ్రామునే వాడండి. టేపు తెగిన చోట క్యాప్చర్ ఆపి కొత్త ఫైలు మొదలుపెడితే, ఆ తేడా తరువాతి భాగంలోకి పాకదు.

బిట్‌రేటు, అంటే ఒక్కో సెకనుకు ఎంత డేటా పెట్టవచ్చో, మీరే లెక్క కట్టుకోవచ్చు. డిస్కు 470 కోట్ల బైట్లు, మీ భజన 8,400 సెకన్లు. భాగిస్తే బొమ్మకూ శబ్దానికీ కలిపి సెకనుకు 4.4 మెగాబిట్ల పైచిలుకు వస్తుంది. బొమ్మకు 4 పెట్టుకోండి. వీడియోను మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రాము వాడితే టార్గెట్ పాల్-డీవీడీ అని ఒక్క మాట ఇస్తే మిగిలిన నియమాలన్నీ అదే పాటిస్తుంది, కానీ బిట్‌రేటు దాని అలవాటు ప్రకారం 6 మెగాబిట్లు పెడుతుంది కాబట్టి దానిని మీరు తగ్గించాలి. ఆ ఫైలును డీవీడీస్టైలర్ అనే ప్రోగ్రాముకు ఇస్తే వీడియో_టీఎస్ ఫోల్డరు తయారవుతుంది.

జవాబు: కర్నూలు నుండి, ప్లేయర్లు మరమ్మతు చేసేవారు

పైవారు ఫైలు గురించి చెప్పవలసినదంతా చెప్పారు. చివరి అరగంటలో ఆగిపోవడం మాత్రం ఫైలు తప్పు కాకపోవచ్చు, డిస్కు తప్పు అని నా అభిప్రాయం. డీవీడీ లోపలి అంచు నుండి బయటి అంచుకు చదవబడుతుంది. నిండా రాసిన డిస్కులో చివరి అరగంట బయటి అంచున ఉంటుంది. కాగితం అంటిస్తే ఒకవైపు బరువు పెరిగి, జిగురు ఆరేకొద్దీ డిస్కు సన్నగా వంగి, తిరిగేటప్పుడు అంచు పైకీ కిందికీ ఊగుతుంది. మన రాయలసీమ ఎండలో, బైకు డిక్కీలో పెట్టి ఊరికి తీసుకువెళ్లిన డిస్కు ఇంకా త్వరగా వంగుతుంది. అంటించిన కాగితాన్ని పీకకండి, పైపొర కూడా లేచి వస్తుంది. కొత్త డిస్కు మీద మధ్యలోని ఖాళీ వలయంలో డిస్కులకు వాడే మార్కరుతో పేరు రాస్తే చాలు. నాయనగారి ఫోటోను కవరు మీద పెట్టుకోండి.

16ఎక్స్ వేగం కూడా వద్దు. 8ఎక్స్‌లో లేదా 4ఎక్స్‌లో రాయండి, డిస్కులు రాసే ఇమ్గ్‌బర్న్ ప్రోగ్రాములో రాసిన తరువాత సరిచూసే వెరిఫై సదుపాయం ఉంది, దానిని వదలకండి. పరీక్షలకు చెరిపి మళ్లీ రాయగల డీవీడీ-ఆర్‌డబ్ల్యూ వాడితే డబ్బు మిగులుతుంది కానీ, మామూలు డిస్కు 45 శాతం లేదా అంతకు మించి వెలుతురును వెనక్కి పంపితే అది 18 నుండి 30 శాతమే పంపుతుంది, పాత ప్లేయరు దానిని చదవలేకపోతే మీ ఫైలును అనుమానించకండి.

ఐదవ ఇంటి ప్లేయరులో కంపెనీ ముద్రించిన డీవీడీ ఒకటి, పాత వీసీడీ ఒకటి వేసి చూడండి. డీవీడీకి 650 నానోమీటర్ల లేజరు, సీడీకి 780 నానోమీటర్ల లేజరు పనిచేస్తాయి. వీసీడీ ఆడి డీవీడీ ఆడకపోతే, లెన్సు తుడిచినా ఫలితం లేకపోతే, డీవీడీ లేజరు బలహీనపడినట్టే. అలాంటి ఇంటికి మీరు ఎన్ని డీవీడీలు మార్చి ఇచ్చినా ప్రయోజనం ఉండదు.

అడిగినవారి మాట

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ పది రోజుల్లో ఏం జరిగిందో వివరంగా రాస్తున్నాను. మీడియాఇన్ఫోలో చూస్తే ఆ డిస్కు నిజంగానే ఎన్‌టీఎస్‌సీ. వీసీఆర్ హెడ్డు తుడిపించి, పరికరాన్ని నేరుగా పోర్టుకు తగిలించి మళ్లీ తీసుకుంటే, మొదటి 50 నిమిషాల్లో ఒక్క ఫ్రేమూ జారలేదు. తరువాత కెమెరా ఆపి బ్యాటరీ మార్చినట్టు కనిపించే చోట ఒక్కసారిగా 9 ఫ్రేములు పోయాయి. అక్కడ ఫైలు తెంపి రెండవ భాగం వేరుగా తీసుకున్నాను. రెండు భాగాల్లోనూ చివరి నిమిషం వరకు చెక్క దెబ్బ అడుగుతోనే పడింది. ఫీల్డుల పరీక్ష కూడా చేశాను, పై ఫీల్డు ముందు పెట్టిన ముక్కలో వణుకు పూర్తిగా పోయింది.

8ఎక్స్‌లో రాసిన డిస్కులు నాలుగు ఇళ్లలో చివరి వరకు ఆడాయి. ఐదవ ఇంట్లో కర్నూలువారు చెప్పినట్టే వీసీడీ ఆడింది, డీవీడీ ఆడలేదు. ఆ ఇంటాయన మా నాయన పక్కన నిలబడి అందరికంటే ముందు అడుగు వేసేవాడు. ఆయనకు కొత్త ప్లేయరు కొనిస్తానంటే ఒప్పుకోలేదు. అందుకని అదే ఫైలును 352 బై 288 ఎంపెగ్-1గా, 44.1 కిలోహెర్ట్జ్ శబ్దంతో, రెండు వీసీడీలుగా చేసి ఇచ్చాను. బొమ్మ కొంత మసకబారింది కానీ తాళం చెక్కు చెదరలేదు. నాయన మధ్యలో నిలబడి మొదటి చరణం అందుకోగానే ఆయన మంచం మీద లేచి కూర్చుని, చేతుల్లో చెక్కలు ఉన్నట్టే వేళ్లు కదిపాడు. రెండు డిస్కులూ అయిపోయేదాకా నేను అక్కడే కూర్చున్నాను.

జవాబు: ప్రొద్దుటూరు నుండి, ఒక గృహిణి

మా అక్క పెళ్లి క్యాసెట్టుకు నేనూ ఇదంతా పడ్డాను కాబట్టి ఒక్క మాట చెబుతాను, అన్నా. మీరు మళ్లీ తీసుకున్న ఆ పెద్ద ఏవీఐ ఫైళ్లను డిస్కులు ఆడాయి కదా అని తీసివేయకండి. డీవీడీ కోసం కుదించిన దాని నుండి మళ్లీ మంచి కాపీ రాదు. రెండు హార్డ్‌డిస్కుల్లో పెట్టి, వాటిని రెండు వేర్వేరు ఇళ్లలో ఉంచండి. నేను ఒక్కచోటే పెట్టుకుని ఒకసారి పోగొట్టుకున్నాను.

అడిగినవారి మాట

తప్పకుండా అలాగే చేస్తానమ్మా. ఇంకొక సందేహం మిగిలింది. మూడవ క్యాసెట్టు కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట అంచున తెల్లటి పొడి మచ్చలు కనిపిస్తున్నాయి. అది వర్షానికి కారే గోడ పక్క బీరువాలో ఉండేది. వీసీఆర్‌లో పెట్టి ఒకసారి ముందుకూ వెనక్కూ తిప్పితే రాలిపోతుందా?

జవాబు: కడప నుండి

పెట్టవద్దు సార్, అది బూజు. వీసీఆర్‌లో తిప్పితే ఆ పొడి హెడ్డుకు అంటుకుని టేపును గీస్తుంది, ఆ తరువాత అందులో పెట్టిన మంచి క్యాసెట్లకూ పాకుతుంది. దానిని విడిగా ఒక సంచిలో పెట్టి, పొడిగా ఉండే చోట నిలువుగా నిలబెట్టి ఉంచండి. టేపు విప్పి శుభ్రం చేసేవారు దొరికేవరకు వీసీఆర్ దగ్గరికి తీసుకుపోకండి. అంతలో రెండవ క్యాసెట్టు పని మొదలుపెట్టండి.