అపార్టుమెంటు వెనుక నాలుగు సెంట్లలో ఉమ్మడి కూరగాయల తోట: ఎలా మొదలుపెట్టాలి?

అలిపిరి వైపు నుంచి:
నమస్కారం. మాది మూడు బ్లాకుల అపార్టుమెంటు. వెనుక సంపు పక్కన నాలుగు సెంట్ల ఉమ్మడి స్థలం ఖాళీగా ఉంది. కట్టినప్పటి ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు అక్కడే పోసి వదిలేశారు. వాటి సందుల్లో వయ్యారిభామ కలుపు నడుమెత్తు పెరిగింది. అక్కడ గోంగూర, తోటకూర, చిక్కుడు, బీర పండించాలని నా కోరిక. మా బ్లాకులోని పెద్దవాళ్లలో చాలామంది ఊళ్లో సేద్యం మానుకుని పిల్లల దగ్గరికి వచ్చినవారు. పొద్దస్తమానం బాల్కనీలోనే కూర్చుంటారు. వాళ్ల చేతులకు మళ్లీ మట్టి తగలాలి, నా తాపత్రయమంతా అందుకే. వచ్చే ఆదివారం సంఘం సమావేశంలో అడగబోతున్నాను. నీళ్లెక్కడివి, కాపు ఎవరిది అని నిలదీస్తారు. పైగా కొండ మీది నుంచి కోతులు దిగుతాయి. చేసి చూసినవారు చెప్పండి.

చిత్తూరు నుంచి:
అమ్మా, ముందు కాగితాలు చూడండి. అపార్టుమెంటు ఉమ్మడి స్థలమైతే ఫ్లాట్ల యజమానులందరికీ అందులో విడదీయని వాటా ఉంటుంది కాబట్టి సంఘం తీర్మానం రాయించుకోండి. లేఅవుట్‌లో పార్కుకని వదిలిన స్థలమైతే మాత్రం అది సాధారణంగా మున్సిపాలిటీకి రాసిచ్చి ఉంటారు. వాళ్ల అనుమతి లేకుండా గునపం దించకండి.

కాపు విషయానికొస్తే, మా దగ్గర మొదట ఇంటికో మడి పంచారు. వేసవిలో కొందరు ఊళ్లకు వెళ్లారు, పక్కవారు నీళ్లు పోసి బతికించారు. కాయ కాసేసరికి తగువు. ఇప్పుడు తోటంతా ఒకటే. పనికి వచ్చినవారు శనివారం కోసి పంచుకుంటారు, వాచ్‌మన్ ఇంటికి తప్పకుండా ఒక వాటా వెళ్తుంది. ఆ తర్వాత తగువు రాలేదు.

విశ్రాంత వ్యవసాయ ఉద్యోగి:
సిమెంటు కలిసిన నేల క్షారంగా మారుతుంది, ఆకులు పసుపురంగుకు తిరుగుతాయి. చెత్త మొత్తం ఎత్తించి, ఎర్రమట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు కలిపి నింపండి. తర్వాత ఐదారు చోట్ల ఆరంగుళాల లోతు మట్టి తీసి, కలిపి, అరకిలో భూసార పరీక్షకు ఇవ్వండి. మడులు ఎత్తుగా కట్టండి. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన. 2021 నవంబరులో తిరుపతి వీధులే ఏరులయ్యాయి, పల్లపు మడి ఎలా నిలుస్తుంది?

నీళ్ల గురించే ఎక్కువ ఆలోచించండి. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లను బ్లాకుకో డ్రమ్ములో పట్టించండి. డ్రమ్మును ఎత్తున పెట్టి డ్రిప్ గొట్టం కలిపితే మోటారు అక్కర్లేదు. ఆర్వో యంత్రం వదిలే నీళ్లలో లవణాలు ఎక్కువ, అవి ఒక్కటే పోస్తే నేల పాడవుతుంది. కోతులకు భయపడి తోట మానుకోవద్దు. మిరప, కాకర, కరివేపాకు, గోంగూరతో మొదలుపెట్టండి, వాటి జోలికి అంతగా రావు. బీర, చిక్కుడు పందిళ్లకు వల కట్టగలిగినప్పుడు వేసుకోవచ్చు.

అలిపిరి వైపు నుంచి:
ఇద్దరికీ నమస్కారాలు. పత్రాలు తీయించాను, స్థలం మా ఉమ్మడిదే. ఆదివారం తీర్మానంలో ఒకే తోట, శనివారం పంపకం అని రాయిస్తాను. వేసవిలో నీళ్లు పోసే వంతులు ఎలా వేసుకున్నారో చిత్తూరు వారు వివరంగా రాస్తారా? మా పెద్దవాళ్లు మెట్లు దిగగలరు కానీ బిందెలు మోయలేరు.